నర్సింగు సీటుకు దరఖాస్తు – తొందరా వద్దు, ఆలస్యమూ వద్దు



ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతి దాటిందంటే పసుపు పని ఊపందుకుంటుంది. తవ్వకం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబెట్టడం, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టడం. మార్చి నెలాఖరు దాకా ఇంటిల్లిపాదికీ తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్మీడియట్ ప్రాక్టికల్సు, ఆ వెంటనే వార్షిక పరీక్షలు. బై.పి.సి. చదివే బిడ్డ పొద్దున జంతుశాస్త్రం తిరగేసి, సాయంత్రం కల్లంలో పసుపు కుప్పకు కాపలా కూర్చుంటుంది. పరీక్షలయ్యేసరికి బస్తాలు నిజామాబాదు యార్డుకు చేరతాయి. ఏడాదికొకసారి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. అప్పుడే ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారు. "మీ అమ్మాయికి బి.ఎస్సీ. నర్సింగులో సీటు ఇప్పిస్తాం. ఇప్పుడే కొంత కడితే సీటు ఖాయం. వచ్చే వారమైతే మా చేతిలో లేదు" అంటారు. మాట తీయగా ఉంటుంది. తెచ్చిన కాగితం మీద పెద్ద ఆసుపత్రి బొమ్మ ఉంటుంది.

ఈ వారం మన పాఠం ఆ గుమ్మం దగ్గరే మొదలుపెడదాం.

పునీత తోమాసు అక్వినాసు గారు తమ దైవశాస్త్ర సంగ్రహంలో వివేకమనే సుగుణాన్ని వివరిస్తూ, దానికి మూడు పనులు ఉన్నాయన్నారు. మొదటిది ఆలోచన అడగడం, అంటే సంగతి తెలిసినవారిని విచారించడం. రెండవది విన్నదాన్ని తూచి నిర్ణయానికి రావడం. మూడవది ఆ నిర్ణయాన్ని ఆచరణలో పెట్టడం. ఈ మూడింటిలో ముఖ్యమైనది మూడవదేనని కూడా ఆయనే చెప్పారు. ఎందుకంటే ఎంత ఆలోచించినా పని జరగకపోతే అది వివేకం కాదు. ఆయనకంటే ముందు అరిస్టాటిల్ కూడా, ఆలోచన నిదానంగా సాగాలి, ఆచరణ మాత్రం చురుగ్గా ఉండాలన్న పెద్దల అభిప్రాయాన్ని గుర్తుచేశాడు. సెమినరీలో ఈ పాఠం చదివినప్పుడు ఇది తత్వశాస్త్రం అనిపించింది. విచారణల్లో పనిచేసిన తరువాత ఇది ఇంటి సంగతేనని తెలిసింది. మన కుటుంబాల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. డబ్బు కట్టేది మొదట, విచారించేది చివర. దరఖాస్తు పెట్టవలసిన రోజుల్లో పసుపు పనిలో పడి మరచిపోతాం. ఆగి చూడవలసిన రోజుల్లో కంగారుపడి డబ్బు ఇచ్చేస్తాం.

ఇదే రైతు పసుపు అమ్మేటప్పుడు ఇలా చేస్తాడా? కొమ్ము ధర ఎంత, గోళ ధర ఎంత, నిన్న ఎంత పలికింది, తేమ ఎంత చూస్తున్నారు, ఇవన్నీ నలుగురిని అడుగుతాడు. అడ్తి దగ్గర తక్‌పట్టీ చేతిలో పడనిదే యార్డు దాటి రాడు. బిడ్డ నాలుగేళ్ల చదువుకు మాత్రం ముక్కూ మొగం తెలియని మనిషి చేతిలో అసలు మెమో పెట్టి, రసీదు కూడా అడగకుండా వస్తాడు.

సీటు ఎలా వస్తుంది?

ఇది సరిగా తెలిస్తే సగం భయం పోతుంది. ఒకప్పుడు మన రాష్ట్రంలో బి.ఎస్సీ. నర్సింగు సీట్లు ఇంటర్ మార్కులను బట్టి ఇచ్చేవారు. 2023-24 విద్యా సంవత్సరం నుండి ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి ఇస్తున్నారు. ఆ పరీక్షనే మనం ఇప్పటికీ ఎంసెట్ అంటున్నాం. 2024 నుండి దాని పేరు ఎప్‌సెట్. అందులో వ్యవసాయ, ఫార్మసీ విభాగం పరీక్ష రాయాలి. మీ అన్న కొడుకు, అక్క కూతురు నాలుగైదేళ్ల క్రితం "పరీక్ష ఏమీ లేదు, మార్కులు చాలు" అని చెప్పి ఉంటారు. వారు అబద్ధం చెప్పలేదు. వారి కాలంలో అది నిజమే. ఆ మాట నమ్మి పరీక్షకు దరఖాస్తే పెట్టని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. జూన్‌లో వచ్చి "ఫాదర్ గారూ, మార్కులు బాగా వచ్చాయి, నర్సింగు చేయాలి" అంటే అప్పటికి ఆ ఏడాది తలుపు మూసుకున్నట్టే.

2025లో ఈ విభాగం పరీక్ష ఏప్రిల్ 29, 30 తేదీల్లో జరిగింది. దరఖాస్తులు అంతకు చాలా ముందే, పసుపు ఇంకా కల్లంలో ఉండగానే తీసుకున్నారు. కాబట్టి ఫిబ్రవరి వచ్చిందంటే నోటిఫికేషను కోసం రోజూ పత్రిక చూడండి. చురుగ్గా ఉండవలసిన చోటు ఇదే.

పరీక్ష కంప్యూటరు మీద ఉంటుంది. మొత్తం 160 ప్రశ్నలు, 3 గంటలు. జీవశాస్త్రానికి 80 (వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40), భౌతికశాస్త్రానికి 40, రసాయన శాస్త్రానికి 40. ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఉంటాయి. తప్పు జవాబుకు మార్కు కోయరు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టకూడదు. అర్హతకు 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీసం లేదు. సగం మార్కులు జీవశాస్త్రానివే గనుక భౌతికశాస్త్రం అంటే భయపడే అమ్మాయి కూడా నిబ్బరంగా కూర్చోవచ్చు. మునుపు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. దాన్ని తీసేశారు.

అలాగని ఇంటర్‌ను గాలికి వదలకూడదు. భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు చదివి, మొత్తం మీద 45 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. ఇంగ్లీషును మన పిల్లలు చులకనగా చూస్తారు. నర్సింగు పుస్తకాలు, మందుల చీటీలు, రోగి షీటు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయని వారికి ముందే చెప్పండి.

పరీక్ష అయిన తరువాత సీట్లు పంచేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. అది విడిగా నోటిఫికేషను ఇస్తుంది, విడిగా దరఖాస్తు తీసుకుంటుంది. ఎప్‌సెట్ రాశాం కదా, వాళ్లే పిలుస్తారని కూర్చుంటే ఎవరూ పిలవరు. ఈ రెండవ దరఖాస్తు దగ్గర కూడా చాలామంది జారిపోతున్నారు. ప్రభుత్వ కళాశాలల సీట్లు, ప్రైవేటు కళాశాలల్లో కన్వీనరు కోటా సీట్లు ర్యాంకు, రిజర్వేషను ప్రకారం ఇక్కడే ఇస్తారు. ప్రైవేటు కళాశాలలు తాము నింపుకునేది మేనేజిమెంటు కోటా. గుమ్మంలోకి వచ్చిన మనిషి ఎంత గొప్పగా చెప్పినా కన్వీనరు సీటు అతని చేతిలో లేదు, ఉండదు.

ఇబ్బంది ఎక్కడ వస్తున్నదంటే, మే నెలలో ర్యాంకు తెలుస్తుంది, నర్సింగు కౌన్సెలింగు మాత్రం వానాకాలం నడిమికి గాని జరగదు. ఈలోగా పక్కింటి అమ్మాయి డిగ్రీలో చేరిపోతుంది, ఎదురింటి అబ్బాయి ఇంజనీరింగుకు వెళ్లిపోతాడు. మన బిడ్డ ఖాళీగా ఇంట్లో ఉన్నట్టు కనిపిస్తుంది. మేనమామ ఒక మాట అంటాడు, పెద్దమ్మ ఒక మాట అంటుంది. ఏజెంట్లకు పంట పండేది ఆ నెలల్లోనే. వారు అమ్ముతున్నది సీటు కాదు, మీ కంగారుకు మందు.

అసలు కాగితాలు

నేను మునుపు పనిచేసిన ఒక విచారణలో జరిగింది చెబుతాను. ఒక తల్లి తన కూతురి ఇంటర్ మెమో, టి.సి. అసలువి ఒక మధ్యవర్తికి ఇచ్చింది. "సీటు బ్లాకు చేయడానికి" అన్నాడట. పక్క రాష్ట్రంలో ఒక కళాశాల పేరు చెప్పి, కొంత సొమ్ము కూడా తీసుకున్నాడు. తరువాత చూస్తే ఆ అమ్మాయికి ర్యాంకు బాగానే వచ్చింది, కన్వీనరు కోటాలో సీటు కూడా వచ్చింది. కళాశాలలో చేరడానికి అసలు కాగితాలు కావాలి. మధ్యవర్తి మిగతా సొమ్ము కడితేనే ఇస్తానన్నాడు. తిరిగి తిరిగి తెచ్చుకునేసరికి చేరవలసిన తేదీ దాటిపోయింది. ఆ తల్లి చేతిలో ఉన్న ఆధారం సీలు లేని ఒక కాగితం, దాని మీద ఒక ఫోను నంబరు.

కౌన్సెలింగులో సీటు వచ్చి, ఆ కళాశాల ఆఫీసులో రసీదు పుచ్చుకుని ఇచ్చేదాకా అసలు కాగితాలు మీ ఇంటి బీరువా దాటకూడదు. ఎవరడిగినా జిరాక్సు ఇవ్వండి. విచారణ గురువు అడిగినా జిరాక్సే ఇవ్వండి.

పక్క రాష్ట్రాల కళాశాలలన్నీ మోసమని నేను అనడం లేదు. కర్ణాటకలో మంచి పేరున్న నర్సింగు కళాశాలలు చాలా ఉన్నాయి. వాటిలో మన మఠకన్యలు నడిపేవీ ఉన్నాయి. కాని చేరేముందు కొన్ని సంగతులు అడగాలి. ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది? కర్ణాటకలో అయితే బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం జాబితాలో ఆ పేరు ఉందా? భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందా? మన ఈ-పాస్ ఉపకారవేతనం అక్కడ వర్తిస్తుందా? అన్నిటికంటే ముఖ్యం, ఆ కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందా, పడకలు ఎన్ని, అందులో రోగులు ఉన్నారా? నర్సింగు సగం తరగతి గదిలో, సగం మంచం పక్కన నేర్చుకునే చదువు. రోగులు లేని ఆసుపత్రిలో నాలుగేళ్లు తిరిగిన అమ్మాయి పట్టా తెస్తుంది గాని సూది పట్టుకునే చేయి తేలేదు. తండ్రి ఒక్కసారి రైలెక్కి వెళ్లి, ఉదయం పూట ఆ ఆసుపత్రి ఓ.పి. దగ్గర గంటసేపు నిలబడి వస్తే ఏ కరపత్రమూ చెప్పని సంగతి తెలుస్తుంది.

పేరు, జ్ఞానస్నానం, కులం

మన కతోలిక కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

జ్ఞానస్నానం రిజిస్టరులో పాప పేరు మరియ గొరెట్టి. బడిలో వేసింది మౌనిక. ఆధార్‌లో ఇంటి పేరు ముందు, టెన్తు మెమోలో ఇంటి పేరు లేదు. తండ్రి పేరు ఒకచోట జోసెఫ్, మరోచోట సాయన్న. ఇళ్లలో ఇదంతా మామూలే, ఎవరికీ అభ్యంతరం లేదు. కౌన్సెలింగు బల్ల ముందు మాత్రం అభ్యంతరమే. దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ పదవ తరగతి మెమోలో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. జ్ఞానస్నాన ధృవపత్రం మీద ఉన్న పేరు పవిత్రమైనదే, కాని పరీక్ష దరఖాస్తుకు అది ఆధారం కాదు. మెమోలోనే తప్పు పడితే పాఠశాల ద్వారా పదవ తరగతి బోర్డుకు రాసి దిద్దించుకోవాలి. దానికి నెలలు పడుతుంది గనుక ఇంటర్ మొదటి ఏడాదిలోనే చూసుకోండి. ఆరవ తరగతి నుండి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా ఇప్పుడే కూడబెట్టండి. మధ్యలో ఏ హాస్టలు బడిలోనో రెండేళ్లు చదివి ఉంటే, ఆ బడి మూతపడకముందే తెచ్చుకోవడం మంచిది.

ఇక కుల ధృవపత్రం. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మత నిబంధన తీసేయాలని సిఫారసు చేసినా అది అమలు కాలేదు. అందుకే తిరుసభ ఏటా ఆగస్టు 10ని నిరసన దినంగా పాటిస్తున్నది. మన రాష్ట్రంలో ఎస్సీ కులాల నుండి క్రైస్తవులైన వారిని, వారి సంతతిని బీసీ-సీ గా గుర్తించి 1 శాతం రిజర్వేషను ఇచ్చారు. ఎస్టీల ఉత్తర్వులో ఇలాంటి మత నిబంధన లేదు. లంబాడీ తండాల నుండి గుడికి వచ్చే మన బిడ్డలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఫాదర్ గారూ, ఎస్సీ సర్టిఫికెట్ అయితే సీటు వస్తుంది, బీసీ-సీ అయితే రాదు. ఏం చేయమంటారు?" ఈ మాట అడిగే తల్లి కళ్లలోకి చూసి జవాబు చెప్పడం తేలిక కాదు. జ్ఞానస్నానం పొందినంత మాత్రాన ఊళ్లో ఎవరూ ఆమెను వేరే వీధిలోకి పిలవలేదు, కూలి రేటు పెంచలేదు. ఆ 1 శాతం న్యాయం కాదనే నా అభిప్రాయం. అయినా నా జవాబు ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ హోదా కోరడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు; కఠినమైన మాటలే అన్నది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోయేది సీటు ఒక్కటే కాదు, పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. రోగి షీటులో ఇవ్వని మందు ఇచ్చినట్టు రాయకూడదని మొదటి ఏడాదిలోనే నేర్పే వృత్తి ఇది. ఆ వృత్తిలోకి అడుగుపెట్టేటప్పుడే అమ్మాయి చేత తన పేరిట, తన ప్రభువు పేరిట అబద్ధం రాయించడం తల్లిదండ్రులుగా మనం చేయదగిన పని కాదు. ఉత్తర్వు మారాలని పోరాడదాం. కాగితం మీద మాత్రం నిజమే రాద్దాం.

సిఫారసు ఉత్తరం కోసం కూడా చాలామంది వస్తారు. సిస్టర్ల కళాశాలకు ఫాదర్ గారు ఒక ముక్క రాస్తే సీటు వస్తుందని నమ్మకం. పునీత పౌలు గారు రోమీయులకు రాసిన లేఖ 16వ అధ్యాయం మొదట్లో ఫేబే అనే సోదరిని గురించి రాసిన రెండు వచనాలు ఒకసారి చదవండి. ఆమె ఎవరో, ఏ సంఘంలో సేవ చేస్తున్నదో, ఎంతమందికి అండగా నిలిచిందో చెప్పి, ఆదరించమని అడిగారు. తెలిసింది రాశారు, అంతే. ఏ విచారణ గురువైనా రాయగలిగింది కూడా అదే. అమ్మాయి మంచిదని, విచారణకు చెందినదని రాయగలరు. ర్యాంకును మార్చలేరు. మేనేజిమెంటు కోటా సీటు కావాలంటే ఆ కళాశాల ఆఫీసుకు తల్లిదండ్రులే నేరుగా వెళ్లి, ఫీజు అడిగి, రసీదు తీసుకుని చేరవచ్చు. నడుమ మనిషితో పని లేదు.

ఎవరి కోరిక?

కాగితాల మాట అయింది. వాటికంటే ముందే అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. మన ప్రాంతంలో గల్ఫుకు వెళ్లని ఇల్లు అరుదు. నర్సింగు అనగానే చాలామంది తండ్రుల కళ్ల ముందు ఆసుపత్రి కాదు, విమానం కనిపిస్తుంది. తప్పు లేదు, కష్టపడి నాలుగు రూపాయలు సంపాదించాలనుకోవడం పాపం కాదు. కాని అమ్మాయిని ఎవరైనా అడిగారా? రాత్రి డ్యూటీ, రక్తం, మలమూత్రాలు, కళ్ల ముందే మనిషి ప్రాణం పోవడం, బంధువుల తిట్లు – ఇవన్నీ భరించేది ఆమె. ఎప్‌సెట్ దరఖాస్తుకు ముందే, బంధువుల్లోనో విచారణలోనో నర్సుగా పనిచేస్తున్న ఒక అక్కతో ఆమెను ఒక పూట కూర్చోబెట్టండి. తల్లిదండ్రులు పక్కన లేకుండా మాట్లాడుకోనివ్వండి. "నాకు వద్దు" అని ఆ అమ్మాయి తిరిగివస్తే అది నష్టం కాదు. ఆలోచన అడగడం అంటే అదే.

విదేశాల సంగతి వచ్చింది గనుక ఒక మాట. గల్ఫు మొదలైన 18 దేశాలకు నర్సులను పంపడాన్ని 2015లో కేంద్రం ప్రభుత్వ ఏజెన్సీల చేతికి మార్చింది, దళారుల దోపిడీ చూసిన తరువాతే. అదే ఏడాది ఏర్పడిన మన రాష్ట్ర సంస్థ టామ్‌కామ్ జర్మనీ వంటి దేశాలకు నర్సులను భాష నేర్పి పంపుతున్నది. సీటు ఇస్తూనే వీసా కూడా ఇస్తామనేవారిని ఎంత నమ్మాలో దీన్ని బట్టి మీరే చూసుకోండి.

కొందరు మరో వైపు నుండి పొరబడతారు. "మా అమ్మాయికి సేవ మనసు ఉంది, అది చాలు" అంటారు. చాలదు. లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుడు జాలిపడి ఊరుకోలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం వాడడం అతనికి తెలుసు. కట్టు కట్టడం తెలుసు. పూటకూళ్లవానికి రెండు దీనారాలు ఇచ్చి, మిగతా ఖర్చు తిరుగుప్రయాణంలో ఇస్తానన్నాడు. జాలి, చేతి విద్య, డబ్బు లెక్క మూడూ ఆ కథలో ఉన్నాయి. మన జిల్లాలోనే చూడండి. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచిన ఇసబెల్ కెర్ గారు మన సభకు చెందినవారు కారు, మెథడిస్టు మిషనరీ. కాని ఆమె వైద్యం చదివి వచ్చిన డాక్టరు. ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చిన నర్సాగౌడ్ గారు హిందువు. మన సభలో అయితే గుంటూరుకు 1920లో వచ్చిన సిస్టర్ మేరీ గ్లౌరీ గారు. ఆస్ట్రేలియాలో డాక్టరై, స్త్రీల వైద్యంలో పై చదువు చదివి, జె.ఎం.జె. సభలో చేరారు. ఆ రోజుల్లో సన్యాసినులు వైద్యం చేయడానికి జగద్గురువుల అనుమతి కావలసి వచ్చింది. పల్లెల నుండి వచ్చే తల్లులకు వైద్యం చేస్తూ, స్థానిక అమ్మాయిలకు ఆ పని నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది ఆమే. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాదులో ఉంది. ఆమెను 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు. ఆ ప్రార్థనా జీవితం వెనుక రాత్రిళ్లు చదివిన శరీర నిర్మాణ శాస్త్రం ఉంది.

ఖర్చు, ఆప్షన్లు

బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క వేసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు అడిగారు. ఫీజు ఒక్కటే లెక్క వేసి చాలామంది చిక్కుకుంటున్నారు. హాస్టలు, భోజనం, యూనిఫారాలు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఆసుపత్రికి వెళ్లి వచ్చే బస్సు – ఇవన్నీ కాగితం మీద రాసి నాలుగుతో హెచ్చవేయండి. పసుపు ధర ఈ ఏడాది బాగుందని వచ్చే మూడేళ్లూ అలాగే ఉంటుందని వేయకండి. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. కన్వీనరు కోటాలో చేరి, ఆదాయ పరిమితికి లోబడితే ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్సుమెంటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. హాజరు 75 శాతం ఉండాలి. ఆదాయ ధృవపత్రం మీ-సేవలో ముందే తీసుకోండి.

దరఖాస్తు నెట్ సెంటరులో నింపినా ఫోను నంబరు మీదే ఇవ్వండి, సెంటరు అబ్బాయిది కాదు. ఓ.టి.పి.లు, కబురు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఆ నంబరును ఏడాది పాటు మార్చకండి. నింపిన ప్రతి ఫారం ప్రింటు తీసి దాచండి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు మన అమ్మాయిలు "నిజామాబాదు, లేదా హైదరాబాదు" అని మూడు నాలుగు కళాశాలలు పెట్టి ఆపేస్తారు. అవి తమకంటే మంచి ర్యాంకు వారికి పోతే చేతిలో ఏమీ మిగలదు. వెళ్లడానికి ఇష్టమున్న కళాశాలలన్నిటినీ, మీకు నచ్చిన వరుసలోనే, ఎన్ని వీలైతే అన్ని పెట్టండి. ఎక్కడికి పంపగలరో, పంపలేరో తల్లిదండ్రులు ముందే కూర్చుని అమ్మాయితో తేల్చుకోవాలి. సీటు ఆదిలాబాదులో వచ్చిన తరువాత "అంత దూరమా" అనడం ఆమెకు అన్యాయం.

సీటు రాకపోతే?

బీబీనగర్‌లోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో బి.ఎస్సీ. నర్సింగుకు ఎయిమ్స్ వారి ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది. మంచి మార్కులున్నవారు ఆ నోటిఫికేషను కూడా కనిపెట్టి చూడాలి. మరుసటి ఏడాది మళ్లీ ఎప్‌సెట్ రాయవచ్చు. ఇంట్లో ఏడాది ఉంచితే పెళ్లి సంబంధాలు వస్తాయని కొందరు నవ్వుతూ అంటారు. నవ్వి ఊరుకోకండి, ఆ ఏడాది చదువుకే ఇస్తామని అమ్మాయికి మాట ఇవ్వండి.

నర్సులకు పాలకుడైన పునీత కమిల్లుస్ గారు యౌవనంలో జూదమాడి ఉన్నదంతా పోగొట్టుకున్న సిపాయి. కాలి పుండు మానక మఠంలో ఉండనివ్వలేదు. రోములోని ఆసుపత్రిలో రోగుల మధ్య పనిచేస్తూ తన పిలుపు తెలుసుకున్నారు. గురువు కావడానికి లత్తీను రావాలంటే 32 ఏళ్ల వయసులో చిన్న పిల్లల తరగతిలో కూర్చుని నేర్చుకున్నారు. 1584లో గురుపట్టం పొందారు. ఒక ఏడాది వెనుకబడ్డామని ఏడ్చే 18 ఏళ్ల అమ్మాయికి ఈయన కథ చెప్పండి.

ఏడాది ఆగలేని కుటుంబాలకు జి.ఎన్.ఎం. ఉంది. అది 3 సంవత్సరాల డిప్లొమా. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఇంగ్లీషుతో ఇంటర్ ఏ గ్రూపులోనైనా 40 శాతం మార్కులతో ఉత్తీర్ణులైనవారు అర్హులు. ఆ తరువాత నర్సుగా పనిచేస్తూనే పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది 2 సంవత్సరాలు. మొత్తం ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, అదే పట్టా స్థాయికి చేరవచ్చు. జి.ఎన్.ఎం. నోటిఫికేషను వేరుగా వస్తుంది. ఆ కాగితాలన్నీ కూడా పైన చెప్పినవే, ఆ బీరువాలోనే ఉంటాయి.